పర్రె: నాటకంలో లేని మేస్త్రీ

కామారెడ్డి నిజాంసాగర్ చౌరస్తాలో నాటకం అయిపోయి జనం ఎవరి దారిన వాళ్లు కదిలిపోతున్నారు. ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న పెద్దమనిషి మాత్రం ఇంకా చప్పట్లు కొడుతూనే ఉన్నాడు. ఆయన కాంట్రాక్టరు కృష్ణమోహన్. ఇంతసేపూ సాయిలతా, ఆమె స్నేహితులు నలుగురూ ఆడింది ఆయన కథే.

నెల కిందట ఈ ఐదుగురు డిగ్రీ పిల్లలు ఎల్లారెడ్డి అవతల గుట్ట కింద కొత్తగా కట్టిన ఆడపిల్లల హాస్టల్‌కు గోడల మీద బొమ్మలు వేయడానికి వెళ్లారు. తెరిచి ఏడాది కాలేదు, గోడల నిండా పగుళ్లు, పర్రెలే. నెమళ్లూ పువ్వులూ వేయడం మానేసి, గడపలకు పూసే జాజు కలిపి ఒక్కొక్క పర్రె వెంట ఎర్రటి గీత గీశారు. పక్కన తారీఖు రాసి వచ్చారు. మూడో రోజుకల్లా ఆ గీతలన్నిటి మీదా తెల్ల సున్నం పడింది. గోడ మీద చెరిపేస్తే వీధిలో చెప్తామని ‘పర్రె’ అనే నాటకం కట్టారు. అందులో కళ్లు మూసుకుని బిల్లు మీద సంతకం పెట్టే ఇంజినీరు ఉన్నాడు, ఫైలు మీద కునుకు తీసే ఆఫీసరు ఉన్నాడు, అందరికీ మిఠాయి పంచుతూ నవ్వే కాంట్రాక్టరు ఉన్నాడు. ఎవరి పేరూ చెప్పలేదు. అయినా ఈ రోజు ఆయనే వెతుక్కుంటూ వచ్చాడు.

కృష్ణమోహన్ లేచి, చొక్కా మడత సరిచేసుకుని, సాయిలత దగ్గరికి నడిచాడు. వెనకాలే డ్రైవరు నీళ్ల సీసాలు తెచ్చి పిల్లలందరికీ తలా ఒకటి ఇచ్చాడు. ఎవరూ మూత తియ్యలేదు.

“మస్తుగ ఆడిన్రు బిడ్డా. ఆ మిఠాయి పంచే సీనుకైతే నాకే నవ్వాగలే” అన్నాడాయన.

డప్పు వాయించే సంపత్ ఇద్దరి నడుమకు వచ్చి నిలబడ్డాడు. “ఏమన్న చెప్పేదుంటే అందరి ముంగట చెప్పున్రి సార్.”

“అందరి ముంగటనే చెప్తున్న గద తమ్మీ. దాసుకునేది ఏమున్నది?” కృష్ణమోహన్ గొంతు పెంచలేదు. పెళ్లిలో భోజనం బాగుందని చెప్పే మనిషిలా ఉంది ఆయన తీరు. “ఒక్కటే తక్కువైంది మీ నాటకంల. ఇంజినీరున్నడు, ఆఫీసరున్నడు, నేనున్న. మరి కట్టినోడేడి? ఇటుక మీద ఇటుక వెట్టినోడు ఒకడుంటడు గదా. మేస్త్రీ లేకుండ బిల్డింగ్ లేస్తదా?”

సాయిలత సంపత్ వంక చూసింది. ఆ మాట నిజమే. నాటకం రాసుకున్నప్పుడు మేస్త్రీ సంగతి ఎవరికీ తట్టలేదు. కూలి చేసుకునేవాడి తప్పేముంటుందిలే అనుకున్నారు.

“నీది బీబీపేట గదా?” అన్నాడు కృష్ణమోహన్, చేతి గడియారం చూసుకుంటూ. “ఆరు గంటల బస్సుకు పోతవ్. రోజు డ్రైవర్ ఎనక సీట్లనే కూసుంటవంట. ఇంటికి పోయినంక మీ బాపును అడుగు. మేస్త్రీ వేషం ఎట్ల కట్టాల్నో ఆయన కన్న మంచిగ చెప్పేటోడు జిల్లాలనే లేడు.”

నవ్వి, సంపత్ భుజం తట్టి, కారెక్కి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం సాయిలత డ్రైవరు వెనక సీటులో కూర్చోలేదు. చివరికి వెళ్లి కిటికీ పక్కన ఒదిగి కూర్చుంది. బయట ముసురు పట్టింది. మక్కచేలు తడిసి నల్లగా కనిపిస్తున్నాయి. ఆమె తండ్రి హన్మండ్లు ఇరవై ఏళ్లుగా మేస్త్రీ పనే చేస్తున్నాడు. నిరుడు ఆరునెలలు ఎల్లారెడ్డి వైపే ఉన్నాడు. ఏదో ఫంక్షన్ హాలు కడుతున్నామని చెప్పాడు. ఈ నెలలో కామారెడ్డిలో, దోమకొండలో, బీబీపేటలో, ఎన్నిచోట్ల ఆడినా ఒక్కసారి కూడా నాటకం చూడటానికి రాలేదు. సొంత ఊళ్లో ఆడిన రోజున తలనొప్పి అని ముసుగు తన్ని పడుకున్నాడు. అప్పుడు అమ్మే కషాయం కాచి ఇచ్చింది. బస్సు బీబీపేట చేరేదాకా సాయిలత ఇవన్నీ ఒకటొకటిగా కలిపి చూసుకుంది.

ఇల్లు చేరేసరికి ఇంకా వెలుగుంది. హన్మండ్లు అరుగు మీద కూర్చుని, తాపీకి అంటుకున్న ఎండు సిమెంటు గీకుతున్నాడు.

చెప్పులు కూడా విప్పకుండానే అడిగింది సాయిలత. “బాపూ, ఆ హాస్టల్ బిల్డింగుకు మేస్త్రీ ఎవలు?”

గీకుతున్న చెయ్యి ఆగింది.

“ఎవలు చెప్పిన్రు నీకు?”

ఎవరు చెప్పారని అడిగాడే తప్ప, నాకేం తెలుసు అనలేదు. సాయిలతకు ఇంకేం అడగనక్కర్లేకపోయింది. అయినా నోరు ఊరుకోలేదు.

“ఫంక్షన్ హాల్ అన్నవ్ గదా?”

“అవు. అన్న.”

“మేం నెల సంది ఊరూరు తిరిగి మొత్తుకుంటున్నం. ఎండల, వానల. నువ్వు ఇంట్ల కూసొని వింటున్నవ్. ఒక్క మాట చెప్పరాకపాయెనా?”

లోపల రొట్టెలు చేస్తున్న సుగుణమ్మ పిండి చేతులతోనే గడపలోకి వచ్చింది. “ఏందే, రాంగనే పంచాది? పొద్దంత పని జేసి ఇప్పుడే వచ్చిండు.”

“నువ్వు లోపలికి పో” అన్నాడు హన్మండ్లు భార్యతో. ఆమె కదల్లేదు. ఆయన తాపీని పక్కన పెట్టాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

“మీరు జాజు గీసిన పర్రెలున్నయే, అవి ఉత్తయి బిడ్డా. పైపూత ఎండి పగిలినయ్. వాటితోని మనిషి సావడు.”

“మరి?”

“అసలు పర్రె మీకు కండ్లవడలే. దాన్ని నేనే కప్పిన.”

సుగుణమ్మ తలుపు రెక్క పట్టుకుంది.

“పిల్లలు బువ్వ తినే హాలున్నది సూడు” అని మొదలుపెట్టాడు హన్మండ్లు. “దాని నడుమ ఈ గోడ నుంచి ఆ గోడ దాక ఒక పెద్ద దూలం. పై అంతస్తు బరువంత దాని మీదనే. ఆ దూలం పోసే రోజు ఇనుము తక్కువొచ్చింది. ఆగుదామని కృష్ణమోహన్ సార్‌కు చెప్పిన. పెద్ద సార్లు ఓపెనింగ్‌కు డేట్ ఇచ్చిన్రు, ఆగేది లేదన్నడు. ఉన్నదాంతోనే పోసినం. పోసినంక ఇరవై రోజులన్న కింది చెక్కలు ఉంచాలె. ఎనిమిది రోజులకే ఊడదీపిచ్చిండు. తెల్లారి పోయి సూస్తే దూలం కడుపుల పర్రె వారింది. నా చిటికెన ఏలు పట్టింది అండ్ల.”

తన చిటికెన వేలు వంకే చూస్తున్నాడాయన.

“అప్పుడేం జేసినవ్?”

“ఏం జేస్త? సిమెంట్ పాలు పోసి మీద పూత పూసిన. నున్నగ పూసిన. ఇంజినీర్ సారు వచ్చి టార్చి కొట్టి సూసి, మంచిగ పూసినవ్ మేస్త్రీ అని మెచ్చుకున్నడు. గంతే.”

“గంతేనా!” అరిచింది సాయిలత. “నూట ఇరవై మంది పిల్లలు బాపూ. మూడు పూటల ఆ దూలం కిందనే కూసుంటున్నరు. ఆ గీతలు గీసిన రోజు మేం గూడ ఆడనే కూసొని తిన్నం.”

“నువ్వు తిన్నవా ఆడ?” అన్నాడు హన్మండ్లు. ఆ సంగతి ఆయనకు తెలియదు. మొహం ఒక్కసారిగా ముసలిదైపోయింది.

“ఎవలకన్న చెప్పకపోయినవా?” అడిగింది సాయిలత.

“చెప్తే పట్టుకపోయేది నన్నే. ఆ దూలం పని మొత్తం నేనే సొంతంగ గుత్త పట్టినట్టు కాయితం రాసి దస్కత్ తీసుకున్నడు. పనివెట్టే మనిషి, పరంజ మీదికెల్లి పడ్డప్పుడు దవాఖానకు తీసుకపోయిన మనిషి, పెట్టుమంటే పెట్టిన. సదవలేదు.”

సాయిలత అప్పటికప్పుడు హాస్టల్ వార్డెన్‌కు ఫోన్ చేసింది. విషయమంతా చెప్పింది. ఆవిడ విని, “ఇంజినీర్ రాసియ్యకుండ నేనెట్ల మూసేస్తనమ్మా? ఇంతమందిని ఏడ కూసోవెట్టాలె?” అని పెట్టేసింది. పది నిమిషాలు గడవలేదు, హన్మండ్లు ఫోన్ మోగింది. పేరు చూసి అలవాటుగా లేచి నిలబడ్డాడు.

“నమస్తె సార్.”

అవతల కృష్ణమోహన్ మాటలు చుట్టుపక్కల చినుకుల చప్పుడులోనూ స్పష్టంగా వినిపించాయి. “హన్మండ్లూ, నీ బిడ్డ మంచి తెలివిగల్లది. సదువుకోనియ్యి. వార్డెన్‌మేడమ్‌కు ఫోన్లు జేసుడు, పిల్లలను బెదిరిచ్చుడు ఎందుకు చెప్పు? రేపెవలన్న ఆ కాయితం బయట వెడ్తే నీకే ఇబ్బంది గదా. నీ మంచికే చెప్తున్న.”

హన్మండ్లు ఫోన్ పెట్టేశాడు. తర్వాత ఇంకెవరికో చేశాడు. హాస్టల్లో వంట చేసే ముత్తవ్వకు. కట్టుబడి జరిగినన్నాళ్లూ ఆయనకు అన్నం పెట్టింది ఆ మనిషే.

“ముత్తవ్వా, నేను. రేపటికెల్లి పిల్లలను ఆ హాల్ల కూసోవెట్టకు. వరండల తినవెట్టు. ఎందుకని అడుగకు. ఆదివారం పొద్దుగాల నేనొస్త, ఎనక తలుపు తీసి వెట్టు.”

తిరిగి అరుగు మీద కూర్చుని, కూతురి వైపు చూశాడు. “ఆదివారం ఎల్లారెడ్డి బస్టాండు కాడ ఆడుతున్నరు గదా? మేస్త్రీ వేషం నేనేస్త.”

“ఏమైంది నీకు?” సుగుణమ్మ ముందుకొచ్చింది. “జైలుకు పోతవా?”

“పోతే పోత.”

“మమ్ముల ఎవలు సూడాలె?”

ఆయన మళ్లీ తాపీ అందుకున్నాడు. సుగుణమ్మ కూతురి వైపు తిరిగి, “సంబురమా ఇప్పుడు?” అంది. ఆ రాత్రి ముగ్గురూ అన్నం ముందు కూర్చున్నారు గానీ ఎవరూ తినలేదు.

శనివారమంతా వాన ఆగలేదు. సాయిలత కాలేజీకి వెళ్లి స్నేహితులకు జరిగిందంతా చెప్పింది. తండ్రి పేరు చెప్పేటప్పుడు తల పైకెత్తలేకపోయింది. సంపత్ డప్పు చర్మాన్ని వేలితో రుద్దుతూ, “పేరు చెప్పి నిలబడేటోడు మా అందరికన్న పెద్దోడు” అన్నాడు. మధ్యాహ్నం ముత్తవ్వ నుంచి కబురొచ్చింది. వానకు దూలం పూత మీద తడి మరక కనిపిస్తోందట. పిల్లలకు వరండాలోనే పెడుతోందట. వార్డెన్ రెండుసార్లు తిట్టిందట.

ఆదివారం పొద్దు పొడవకముందే హన్మండ్లు తయారయ్యాడు. ఎల్లారెడ్డిలో తెలిసిన సెంట్రింగ్ దుకాణంలో కట్టెలు తీసుకుని, ఆటోలో వేసుకుని, హాస్టల్లో దూలం కింద ఊతంగా పోట్లు నిలబెడతానన్నాడు. అవి ఉన్నన్నాళ్లూ దూలం కిందికి రాదు. ఆ పని చూసుకుని పదకొండింటికల్లా బస్టాండుకు వచ్చేస్తానన్నాడు.

మోపెడ్ స్టార్టు చేస్తూ అడిగాడు. “వేషానికి బట్టలేమన్న తేవాల్నా బిడ్డా?”

“నీ బట్టలే బాపూ. గిట్లనే రా.”

తల ఊపి వెళ్లిపోయాడు. సుగుణమ్మ గడపలోనే నిలబడి, బండి చప్పుడు వినపడకుండా పోయేదాకా చూసింది.

ఎల్లారెడ్డి బస్టాండు ముందు పదకొండున్నరకే జనం గుండ్రంగా మూగారు. ముసురు కాస్త తెరిపి ఇచ్చింది. ఊళ్లకు పోయేవాళ్లూ, కూరగాయలు కొన్నవాళ్లూ, కాలేజీ పిల్లలూ, అందరూ సంపత్ డప్పు విని ఆగిపోయారు. వాళ్ల బృందంలోని హారిక చిన్న మైకు డబ్బా సరిచూస్తోంది. సాయిలత ఐదోసారి తండ్రికి ఫోన్ చేసింది. మోగుతోంది, ఎత్తడం లేదు. ఆరోసారి చేసింది.

ఈసారి ఆ ఫోన్ దగ్గర్లోనే మోగింది.

జనం వెనక నుంచి వస్తోంది చప్పుడు. మనుషులు పక్కకు జరిగి దారి ఇచ్చారు. కృష్ణమోహన్ నడుచుకుంటూ వచ్చాడు. ఆయన చేతిలో, వెనక మూత ఊడిపోకుండా రబ్బరు బ్యాండు వేసిన పాత ఫోన్ మోగుతోంది. దాని మీద సాయిలత చిన్నప్పటి ఫోటో వెలుగుతోంది.

“మీ బాపుది” అంటూ ఆమె చేతిలో పెట్టాడు. “మద్నూర్ దిక్కు పెద్ద పని పడ్డది. మేస్త్రీ కావాలన్నరు, పంపిన. తొందర్ల ఫోన్ మర్చిపోయిండు.”

“మా బాపు ఏడున్నడు సార్?”

“చెప్తున్న గదా. పనికి పోయిండు.” ఎవరో వేసిన కుర్చీలో కూర్చున్నాడు. కాలు మీద కాలు వేసుకున్నాడు. “షురూ జెయ్యి బిడ్డా. జనం చూస్తున్నరు.”

సాయిలత ఆ ఫోన్‌ను ఎడమచేతిలోకి మార్చుకుంది. హన్మండ్లు మాట ఇచ్చి తప్పే మనిషి కాదు. పోలీసులకు ఫోన్ చెయ్యమని హారికకు మాత్రమే వినపడేలా చెప్పింది. సంపత్ డప్పు ఆపి ఆమె వంకే చూస్తున్నాడు. ఆడకుండా మూట కట్టుకుని పోతే ఈ మనిషి నవ్వుతూ వెళ్లిపోతాడు, ఆ దూలం సంగతి ఈ జనానికి ఎప్పటికీ తెలియదు. తెలియాలంటే తండ్రి పేరు తన నోటితోనే చెప్పాలి. చెప్పాక ఆయనను కాపాడటం ఎవరి తరమూ కాదు. ఆయనే చెప్తానన్నాడు. ఆ మాటను నిలబెట్టడానికి ఇప్పుడు ఆయన ఇక్కడ లేడు.

చున్నీ తీసి తలపాగా చుట్టుకుంది. మైకు అందుకుని వలయం మధ్యకు వెళ్లింది.

“నా పేరు హన్మండ్లు. మాది బీబీపేట. నేను మేస్త్రీని.”

జనంలో గుసగుసలు ఆగాయి. హన్మండ్లును ఎరిగినవాళ్లు అక్కడ చాలామందే ఉన్నారు.

“గుట్ట కింద హాస్టల్ కట్టింది నేను. అండ్ల ఒక దూలం పగిలింది. పగిలిందని నాకు తెలుసు. తెలిసి, నా చేతులతోని కప్పిన. కప్పమన్నోడు ఇగో, ఈడనే కుర్చీల కూసున్నడు.”

ఇన్ని రోజుల్లో మొదటిసారి కృష్ణమోహన్ మొహంలో నవ్వు లేదు. వేసుకున్న కాలు దించాడు. ఎవరికో సైగ చేశాడు. వలయం అవతల ఇద్దరు మనుషులు కదిలారు. సంపత్ డప్పు భుజానికి తగిలించుకుని వాళ్లకు అడ్డంగా వెళ్లి నిలబడ్డాడు.

అదే క్షణంలో సాయిలత ఎడమచేతిలో తండ్రి ఫోన్ మోగింది. ముత్తవ్వ. సాయిలత ఎత్తి, ఆలోచించకుండానే మైకు దగ్గర పెట్టింది. ముసలామె గొంతు బస్టాండంతా వినిపించింది.

“హన్మండ్లూ, ఏడున్నవురా? నిన్ను జీపుల ఎక్కిచ్చుకొని పోయిన్రు, మల్ల ఇడిసివెట్టిన్రా? జల్ది రారా. నువ్వు వెట్టిన కట్టెలు తీసేస్తున్నరు.”

“అవ్వా, నేను సాయిలతను. ఎవలు తీస్తున్నరు? ఎందుకు?”

“కాంట్రాక్టర్ మనుషులే బిడ్డా. పేపరోళ్లు ఫోటువ దిగనీకె వచ్చిన్రు. బిల్డింగ్ మంచిగున్నదని పేపర్ల వెయ్యాల్నంట. కట్టెలు ఫోటువల కనవడొద్దంట. వద్దు వద్దని కాళ్లు మొక్కిన, నన్ను నూకేసిన్రు. రెండు తీసిన్రు, ఇంక రెండే ఉన్నయి.”

“పిల్లలు? పిల్లలు ఏడున్నరు అవ్వా?”

“లోపల్నే ఉన్నరు బిడ్డా. అందర్ని బంతి కూసోవెట్టిన్రు. ఇయ్యాల కోడికూర గదా, సంబురంగ…”

ముత్తవ్వ మాట అక్కడే తెగిపోయింది. ఫోన్ మాత్రం తెగలేదు. మైకులోంచి, ఎండుమట్టి జారుతున్నట్టు, పెచ్చులు రాలుతున్న చప్పుడు ఎల్లారెడ్డి బస్టాండులో ప్రతి ఒక్కరికీ వినిపించింది.